పంతొమ్మిదిమందికి చోటు

పెనుమూడి దగ్గర కృష్ణ కరకట్ట మీద మొండిమానుల మలుపని ఒకటుండేది. తర్వాత కట్ట వెడల్పు చేశారు, మలుపు పోయింది, దాంతో పేరూ పోయింది. కానీ అరవై ఆరు, అరవై ఏడు ప్రాంతాల్లో ఆ పేరెత్తితే చాలు — రేపల్లె సంతలో గొంతు చించుకుని బేరాలాడే వాళ్ళు కూడా ఠక్కున నోరు మూసేవాళ్ళు.

ఏముందక్కడ అంటారా? పైకి చూస్తే ఏమీ లేదు. ఒక చింతచెట్టు. దాని చుట్టూ నరికేసిన గానుగ చెట్ల మొదళ్ళు, పంతొమ్మిది. అంతే.

పగలు మేకలు ఆ మొదళ్ళెక్కి గెంతులేసేవి. పొద్దు వాలిందా... మేక కాదు కదా, కుక్క కూడా అటు తొంగిచూసేది కాదు. సైకిలు మీద పోయేవాళ్ళు మలుపు రాగానే దిగిపోయి, ఊపిరి బిగబట్టుకుని నడిపించుకుంటూ పోయేవాళ్ళు. ఎందుకంటే ఆ చింతచెట్టు గాలి లేకుండా కదిలేది. చుట్టుపక్కల ఆకన్నది కదలని ఉక్కలో, దానొక్కదానికే పూనకం వచ్చినట్టు కొమ్మలన్నీ ఒకదాన్నొకటి నెట్టుకునేవి. చెవి పెట్టి వింటే మాటలు వినిపించేవి.

"జరుగు... కాస్త జరుగు..."

"ఎక్కడికి జరగను... నా కాలు తొక్కుతున్నావ్..."

రేపల్లె పాసింజరులో సీటు కోసం తోసుకునే జనాన్ని చూశారా, అచ్చం అలాగే. నవ్వొస్తోందా? నవ్వండి, పగటిపూట చెప్పుకుంటే నవ్వే వస్తుంది. అక్కడ నిలబడి విన్నవాళ్ళెవరికీ మాత్రం నవ్వు రాలేదు.

వాళ్ళు దెయ్యాలు కారని పెద్దవాళ్ళు అంటారు. దెయ్యమంటే చచ్చిన మనిషి. వీళ్ళెప్పుడూ మనుషులుగా పుట్టలేదు, చావనూ లేదు. కాలవలు తవ్వకముందు, ఈ నేలంతా అడవిగా ఉన్న రోజుల్లో ఇక్కడ ఉన్న జాతి అది. అడవి పోయాక మిగిలిన పాత మానుల్లో తలా ఒక చోట సర్దుకున్నారు. అందుకే వాళ్ళని మానోళ్ళు అనేవారు. ఒక మానులో ఒకరే ఉంటారు, ఇద్దరికి ఇమడదు. ఆ చెట్టు నీడ దాటి అడుగు బయట పెట్టలేరు. తమంతట తాము ఇంకో చెట్టుకి పోలేరు కూడాను. మాను కొట్టేవాడే నోటితో చోటు చెప్పి పంపాలి.

అందుకని ఆ వైపు చెట్లు కొట్టేవాళ్ళకి ఒక పద్ధతుంది. రేపు కొట్టబోయే మానుకి ఇవాళ సాయంత్రం పసుపు రాసి, బొట్టు పెట్టి, మొదట్లో గుప్పెడు అటుకులూ బెల్లమూ ఉంచి, బెరడు మీద చెయ్యి ఆనించి చెప్పాలి — "రేపు పొద్దున ఈ మాను పడుతుంది. మీరు ఫలానా ఊళ్ళో ఫలానా చెట్టుకి వెళ్ళండి." ఒక మానుకి ఒక చెట్టు. ఆ చెట్టు నిలబడి ఉన్నదై ఉండాలి.

ఆ గానుగలు కొట్టిన వీరాస్వామికి ఇదంతా తెలియక కాదండీ. ముప్పై ఏళ్ళుగా గొడ్డలి పట్టినవాడు. వాళ్ళ నాన్న దగ్గరుండి నేర్పించాడు. కానీ ఆ వేసవిలో గానుగ తోపు కొట్టే పని ఒప్పుకున్న రోజున, తెల్లారేసరికి లారీ వచ్చేస్తుందన్నారు. చీకటి పడిపోతోంది. పంతొమ్మిది మానులకి పంతొమ్మిది చెట్లు ఎక్కడని వెతికి చెప్తాడు? ఒక్క మాను మీద చెయ్యి వేసి, మిగతా తోపుకేసి చూసి, పెళ్ళివారికి విడిది చూపించినట్టు ఒకే మాటలో తేల్చిపారేశాడు.

"అందరూ ఆ చింతచెట్టుకి పొండి!"

పోయారు. పోక ఏం చేస్తారు? ఆ చింతలో అప్పటికే ఒకరున్నారు, వాళ్ళ మీదే పంతొమ్మిదిమందీ పడ్డారు.

తను చేసిన తప్పేంటో వీరాస్వామికి వారం తిరక్కుండానే తెలిసొచ్చింది. నోరు విప్పి ఎవరికీ చెప్పలేదు. ఆ దారే మానేశాడు. అవసరం పడితే పొలాలకి అడ్డంపడి, బురదలో మైలు చుట్టు తిరిగి పోయేవాడు గానీ ఆ మలుపు ఛాయలకి వెళ్ళేవాడు కాదు. అలా ఆరు నెలలు గడిచాయి.

కార్తీకమాసం వచ్చింది. వీరాస్వామికి ఉన్నది ఒక్కతే కూతురు, శేషారత్నం. తల్లి లేని పిల్ల. అల్లుడికి తెనాలి రైసుమిల్లులో పని. రెండేళ్ళ క్రితం మొదటి కానుపుకి పుట్టింటికి వస్తే, మంత్రసాని పున్నమ్మ వచ్చేసరికి ఆలస్యమైంది. పేగు మెడకి చుట్టుకుని బిడ్డ నీలంగా పుట్టాడు. ఏడవనే లేదు. "ఒక్క అరగంట ముందు రాగలిగితే దక్కేవాడురా," అంది పున్నమ్మ. ఆ మాట వీరాస్వామిని రెండేళ్ళూ నిద్రపోనివ్వలేదు.

ఇప్పుడు రెండో కానుపు. ఇంకా మూడు వారాలు గడువుందనగా, రాత్రి భోజనాల వేళ నొప్పులు మొదలయ్యాయి. రేపల్లె ఆసుపత్రికి తీసుకెళ్దామంటే మూడు రోజులుగా ముసురు, దారంతా బురద, బండి చక్రం తిరగదు. పక్కింటి బసవమ్మని పిలిచి పిల్ల దగ్గర కూర్చోబెట్టాడు. పాపం ఆవిడకి రేచీకటి, దీపం మొహం ముందు పెట్టినా ఎవరో పోల్చుకోలేదు. కనీసం చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది కదా అనుకున్నాడు.

"నాన్నా... ఈసారైనా..." అంది శేషారత్నం. మిగతాది అనలేకపోయింది.

"పున్నమ్మత్తని భుజాన వేసుకునైనా తీసుకొస్తా తల్లీ. నువ్వు ధైర్యంగా ఉండు."

పున్నమ్మ ఉండేది కట్ట వెంట దక్షిణంగా రెండు మైళ్ళ అవతల. వెళ్ళేటప్పుడు పొలాలకి అడ్డంపడి పరుగెత్తాడు. వచ్చేటప్పుడు ఆ వీల్లేదు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఆ బురదలో అడుగు తీసి అడుగు వెయ్యలేదు. కట్ట మీదే రావాలి. అంటే... మలుపు మీదుగానే రావాలి.

పున్నమ్మ అడ్డపొగ చుట్ట తాగే మనిషి. నోరు పెద్దది, చెయ్యి చల్లనిది. భయమన్నది ఎరగదు. తలుపు కొట్టగానే చుట్ట ఆర్పి, కొంగు బిగించి, లాంతరు తనే అందుకుని బయల్దేరింది.

"అత్తా," అన్నాడు వీరాస్వామి గొంతు తగ్గించి, "మలుపు దగ్గర ఏం వినిపించినా ఆగొద్దు."

"ఏం వినిపిస్తుందిరా, నీ మొహం! ఆకులు కదిలితే చప్పుడు కాదూ? నడు, అక్కడ పిల్ల ఎట్లా ఉందో ఏమో."

నడిచారు. ముసురు తగ్గింది గానీ మబ్బు విడవలేదు. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క పొలాలు, మధ్యలో వీళ్ళ లాంతరు వెలుగు నాలుగడుగుల మేర. వీరాస్వామి తల వంచుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ నడుస్తున్నాడు. మలుపు తిరిగారు. చింతచెట్టు కొమ్మలు ఎప్పటిలాగే తోసుకుంటున్నాయి... గలగల... గలగల...

ఉన్నట్టుండి ఆగిపోయాయి.

"వచ్చాడు..."

"ఎవరు?"

"ఆయనే... గొడ్డలాయన."

వీరాస్వామికి పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగెత్తబోయాడు. కాలు లేవలేదు. ఎవరో పట్టుకున్నారా అంటే అదీ కాదు. అరికాళ్ళ నుంచి ఏదో కిందికి, మట్టిలోకి, లోపలెక్కడికో దిగిపోయినట్టుంది. ఎంత గుంజినా పాదం నేలని విడవడం లేదు.

"ఏంట్రా ఆగావు?" అంటూ పున్నమ్మ లాంతరు పైకెత్తింది.

ఆ వెలుగులో అతను చూశాడు. పున్నమ్మకి కనిపించినవి కొమ్మలే. అతనికి మాత్రం కొమ్మల సందుల్లో మోచేతులు కనిపించాయి. మోకాళ్ళు. ముడతలు పడ్డ బెరడు చర్మం. ఒకరి ఒళ్ళో ఒకరు, ఒకరి భుజాల మీద ఒకరు, ఊపిరాడనట్టు ఇరుక్కుని కూర్చున్నారు. ఆ మొహాల్లో కళ్ళు లేవు. అయినా అన్నీ అతని వైపే తిరిగి ఉన్నాయి.

"చోటు చెప్పు," అంది ఒక గొంతు.

"చోటు చెప్పు..." అన్నాయి మిగతావన్నీ.

"మీకు దణ్ణం పెడతా... నా కూతురు నొప్పులు పడుతోంది. ఇప్పటికి పోనివ్వండి. రేపొచ్చి ఎవరి చెట్టు వాళ్ళకి చెప్తా."

"ఆరు నెలల నుంచీ ఒంటికాలి మీద ఉన్నాం. చోటు చెప్పి పో."

వీరాస్వామి ఆలోచించాడు. సరే, చెట్లేగా, తనకి తెలియని చెట్టేముంది?

"భట్టిప్రోలు స్టేషను ముందు వేపచెట్టు!"

తల మీంచి ఏదో సర్రున పోయింది. హమ్మయ్య అనుకునేలోపే సర్రున తిరిగొచ్చింది.

"లేదక్కడ. నువ్వే కొట్టావు."

"కర్లపాలెం రోడ్డులో... నేరేడు..."

పోయింది. వచ్చింది.

"కొట్టావు."

"లాకుల దగ్గర నిద్రగన్నేరు!"

"అదీ కొట్టావు."

ఇంకో రెండు చెప్పాడు. అవీ అంతే. వీరాస్వామికి అప్పుడర్థమైంది. ముప్పై ఏళ్ళలో అతను చెట్టన్నదాన్ని కొట్టడానికి తప్ప ఇంకెందుకూ చూడలేదు. ఊరి పేరుతో సహా గుర్తున్న చెట్లన్నీ తన చేతి కింద పడ్డవే. నిలబడి ఉన్న చెట్టు ఒక్కటి... ఒక్కటంటే ఒక్కటి మనసుకి తట్టడం లేదు. అవతల రెండేళ్ళ నాటి అరగంట మళ్ళీ నడిచిపోతోంది.

పున్నమ్మ అతని జబ్బ పట్టుకుని ఊపేసింది. "ఒరే, మతి పోయిందా? పిల్ల అక్కడ ప్రాణం బిగబట్టుకుని ఉంటే నడిరోడ్డు మీద నిలబడి చెట్ల పేర్లు చదువుతావేంట్రా?"

"అత్తా... కాళ్ళు కదలట్లేదత్తా..." అని ఏడుపు గొంతుతో ఉన్నదంతా చెప్పేశాడు. తోపు సంగతీ, తను చెప్పిన ఆ ఒక్క మాటా.

తిడుతుందనుకున్నాడు. పున్నమ్మ వంగి, లాంతరు కింద పెట్టి, అతని మడమ రెండు చేతులతో పట్టి లాగి చూసింది. ఇసుమంతైనా కదల్లేదు. నడుము పట్టుకుని లేచి, ఒక్క క్షణం చింతచెట్టుకేసి చూసింది.

"పంతొమ్మిదేగా? నేను చెప్తా. నువ్వు అను."

"నీకేం తెలుసత్తా చెట్లు..."

"నోర్ముయ్. యాభై ఏళ్ళుగా పురుళ్ళు పోస్తున్నా. బిడ్డతో పడిన మావిని ఏ ఇంటికా ఇంట్లో పెరటి చెట్టు మొదట్లో పాతిస్తా. ఆ చెట్టు మీద ఎవరూ కత్తి వెయ్యరు. అను! రేపల్లెలో రాజారత్నం మాస్టారి పెరట్లో బాదంచెట్టు. కవల పిల్లలు."

వీరాస్వామి అన్నాడు. పైన ఒక కొమ్మ తేలికపడి లేచింది. సర్రున పోయింది... తిరిగి రాలేదు.

"భట్టిప్రోలులో వెంకట్రామయ్య గారి దొడ్లో కుంకుడు. ఎదురుకాళ్ళతో పుట్టింది పిల్ల. ఇప్పుడదే నలుగురు పిల్లల తల్లి."

అన్నాడు. పోయింది.

"బాపట్లలో మా చెల్లెలి ఇంటి ఉసిరి. ఈ ఊళ్ళోనే దానమ్మ గుమ్మం పక్కన గంగరేగు, పాపం నాలుగు రోజులు బాధపడింది. సుందరమ్మ వాళ్ళ పనస..."

ఊపిరి తీసుకోకుండా చెప్తోంది ముసలమ్మ. అతను తడబడుతూ అంటున్నాడు. ఒక్కో చెట్టుకీ ఒక్కో బిడ్డ, ఒక్కో బిడ్డకీ ఒక్కో రాత్రి. వేళ్ళు మడుస్తూ లెక్కపెడుతోంది. పది. పన్నెండు. పదిహేను. కాళ్ళ కింద పట్టు కాస్త కాస్తే వదులవుతోంది. పద్దెనిమిది...

పున్నమ్మ ఆగిపోయింది.

"ఇంకొకటి అత్తా! ఒక్కటే!"

"ఉండరా... గుర్తు రావాలిగా. ఆ... పల్లపువీధిలో జామ. కాదు, అది మొన్నటి గాలికి పడిపోయింది..." నుదురు కొట్టుకుంది. ఉన్నట్టుండి మొహం విప్పారింది. "ఒరే, మీ పెరట్లో ఇంటి మీదికి నీడ పరిచిన మునగ లేదంట్రా? పోయిన కానుపుకి మావి దాని మొదట్లోనేగా పాతాం!"

వీరాస్వామి అడ్డంగా తల ఊపాడు. "వద్దత్తా! మా ఇంట్లోనా? పిల్ల అక్కడ నొప్పులతో..."

చింతచెట్టు మీద, దాని సొంతదారు కాక, మిగిలింది ఒకరే. ఆ గొంతు మిగతావాళ్ళలా గీపెట్టలేదు. మెల్లగా, దగ్గరగా, చెవి పక్కనుంచి అన్నట్టుగా వచ్చింది.

"అది నిలబడే ఉంది. నీ గొడ్డలికి పనికిరాని మెత్తటి మాను... చెప్పు."

"ఇంకేదైనా అడుగు. నీ కాళ్ళు పట్టుకుంటా. ఆ ఇల్లొద్దు."

"చెప్పు."

అప్పుడు ఊరివైపు నుంచి కేక వినిపించింది. పిట్టో, మనిషో తెలియలేదు. వీరాస్వామికి మాత్రం అది కూతురి గొంతే. ఇక్కడ నిలబడిపోతే పిల్ల పోతుంది. చెప్తే... చెప్తే ఏమవుతుందో తెలియదు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"మా ఇంటి... పెరట్లో... మునగచెట్టు."

సర్రున పోయింది. ఊరి వైపుకే, వాళ్ళ ఇంటి వైపుకే, మనిషన్నవాడు అందుకోలేనంత వేగంగా పోయింది.

కాళ్ళు వదిలాయి. పున్నమ్మని వీపున వేసుకుని పరుగు లంకించుకున్నాడు వీరాస్వామి. జారాడు, పడ్డాడు, మోకాలు చిట్లింది, లేచాడు. ఏం చేశాన్రా దేవుడా! నొప్పులు పడుతున్న పిల్ల ఉన్న ఇంటికి నా నోటితో నేనే పంపించానే! అది ఈపాటికి చేరిపోయి ఉంటుంది. లోపలికి వచ్చి ఉంటుందా? పిల్ల మంచం దగ్గర నిలబడి ఉంటుందా? పున్నమ్మ వీపు మీద నుంచి ఏదో అంటోంది, అతనికి వినపడటం లేదు. అరగంట కాదు, గంట దాటిపోయింది.

ఇల్లు కనిపించింది. దీపం వెలుగుతోంది. ఎక్కడా చప్పుడు లేదు. ఏడుపు లేదు, మూలుగు లేదు. సరిగ్గా రెండేళ్ళ క్రితం కూడా ఇల్లు ఇలాగే ఉంది.

వీరాస్వామి గుమ్మంలో కూలబడిపోయాడు.

లోపల్నుంచి... కేర్‌మని బిడ్డ ఏడ్చింది. గట్టిగా, కోపంగా, ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. అతనికి ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి.

"వీరాస్వామీ, నువ్వేనా? ఆడపిల్లయ్యా! మహాలక్ష్మి!" బసవమ్మ గొంతు.

పున్నమ్మ అతన్ని దాటుకుని లోపలికి పోయింది. "ఎంతసేపైందే బసవమ్మా? ఎవరు చూశారు?"

గొంతు వచ్చిన వైపుకి బసవమ్మ మొహం తిప్పింది. "అదేంటే పున్నమ్మా, అట్లా అడుగుతావు? నువ్వేగా పురుడు పోశావు! ఇప్పుడేగా చేతులు కడుక్కొస్తానని పెరట్లోకి వెళ్ళావు?"

"నీ రేచీకటి పాడుగానూ! ఎవరిని చూసి ఎవరనుకున్నావే?" అంటూ నవ్వబోయింది పున్నమ్మ.

"చూడటమెందుకే, నీ గొంతు నాకు తెలియదా?"

మంచం మీద శేషారత్నం మెల్లగా కళ్ళు తెరిచింది. మొహంలో నెత్తురు లేదు గానీ పెదవుల మీద నవ్వుంది. "పేగు ఈసారి కూడా మెడకి చుట్టుకుంది నాన్నా. రెండు చుట్లంట. పున్నమ్మత్తే తప్పించింది. కళ్ళు తెరవొద్దంటే తెరవలేదు నేను..." తర్వాత, పున్నమ్మ చెయ్యి తన నుదుటి మీద పడగానే, ఆ నవ్వు పోయింది. ఆ చెయ్యిని పట్టుకుని తడిమి చూసింది. "ఇందాక నీ చేతులు ఇట్లా లేవే అత్తా... చల్లగా, గరుగ్గా ఉన్నాయి."

పున్నమ్మ చెయ్యి విడిపించుకుంది. దీపం దగ్గరికి లాక్కుని బిడ్డ బొడ్డు చూసింది. కట్టింది దారంతో కాదు, పచ్చి నారతో. ముడి మాత్రం ఆవిడదే. రెండు చుట్లు తిప్పి ఎడమవైపు దూర్చే ఆ ముడి, యాభై ఏళ్ళుగా ఆవిడ ఎవరికీ నేర్పని ముడి.



పెరట్లో గాబు దగ్గర నీళ్ళ చప్పుడు. చెంబు ముంచారు... పోసుకున్నారు... ముంచారు... పోసుకున్నారు. ఆగిపోయింది. తడి అడుగులు ఒక్కొక్కటే పెరటి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాయి. తలుపు ఓరగా తెరిచే ఉంది. అవతలంతా చీకటి.

ఆ చీకట్లోంచి పొగచుట్టతో బొంగురుపోయిన పున్నమ్మ గొంతు వినిపించింది.

"పిల్లకి చలేస్తుందిరా వీరాస్వామీ. ఆ తలుపు వేసుకోండి."

పున్నమ్మ ఇవతల మంచం పక్కనే ఉంది. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని ఉంది.